అప్పుడెక్కడిది గారు

ఆయనకున్నది ఒకే ఒక్క జబ్బు. కంటబడిన ప్రతి వస్తువునూ పుట్టినతేదీ అడుగుతాడు. ఎవరైనా కుర్చీ చూపించి కూర్చోమంటే కూర్చోడు. ముందు వంగి దాని కాళ్లు చూస్తాడు, వెనక్కి తిప్పి మేకులు చూస్తాడు, ఆ తర్వాత నిలబడే మాట్లాడతాడు. సినిమాలకు సామాన్లు సమకూర్చే పనిలో నలభై ఏళ్లు నలిగినవాడికి ఆ మాత్రం వెర్రి ఉండదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ వెర్రి పనివేళల్లో ఉంటే లోకం దాన్ని నేర్పు అంటుంది. అదే వెర్రి భోజనాల దగ్గర కూడా ఉంటే ఇంట్లోవాళ్లు వేరే పేరు పెడతారు.

పాతకాలపు కథ తీస్తున్నప్పుడు సెట్టు మీద ఎవరు ఏ వస్తువు పెట్టబోయినా ఆయన నోట వచ్చేది ఒకటే మాట. "అప్పుడెక్కడిది?" పోనుపోను ఆ మాటే ఆయనకు పేరై కూర్చుంది. మర్నాటి పనికి రమ్మని పంపే కాగితంలో కూడా "అప్పుడెక్కడిది గారు, ఉదయం ఏడు గంటలకు" అనే రాసేవారు. అసలు పేరు ఆయన భార్యకైనా తెలిసి ఉండాలి. ఆవిడ "ఏమండీ" తప్ప ఇంకోటి అనదు కనుక ఆ దారీ మూసుకుపోయింది. పెళ్లినాటి ఫొటోలో ఆయన తన చేతి గడియారం చూసుకుని కూడా అదే ప్రశ్న వేశాడని, పక్కన నిలబడ్డ తనను గురించి వెయ్యలేదు, అదే పదివేలని ఆవిడ అంటూ ఉంటుంది.

ఓసారి పాత మిత్రుడొకడు పోతే పలకరింపుకు వెళ్లాడు. గోడకు పోయినాయన పాతికేళ్ల వయసులో తీయించుకున్న ఫొటో పెట్టారు. అందరూ తలలు దించుకుని కూర్చుంటే ఈయన తలెత్తి, ఆ ఫొటోకేసి కళ్లు చికిలించి, "ఈ కాలరు అప్పుడెక్కడిది?" అన్నాడు. పోయినాయన భార్య ఏడుపు ఆపింది. పెద్దకొడుకు కళ్లెర్రజేశాడు. ఈయన వదిలితేనా? మనవాడికి పాతికేళ్లప్పుడు ఇంత పొడుగు కాలర్లు ఏ దర్జీ కుట్టలేదని, ఇవి వచ్చింది మరో పదేళ్లకని అక్కడ చేరిన పాతికమందికీ విడమరిచి చెప్పాడు. తీరా ఫొటో దించి వెనక తేదీ చూస్తే అది పోయినాయనది కాదు, తమ్ముడిది. ఆ తమ్ముడు మూడు గంటలుగా తన ఫొటో కిందే కూర్చుని ఓదార్పులు అందుకుంటున్నాడు. నాకూ అనుమానంగానే ఉంది గానీ, అందరూ అంత మంచివాడు ఇంత మంచివాడు అంటుంటే చెప్పబుద్ధి కాలేదు అన్నాడట.

ఇవన్నీ ఎడిటరమ్మకు కంఠోపాఠం. సినిమా ముక్కలు కోసి అతికే పనిలో ఆవిడ జుట్టు సగం నెరిసింది. వాళ్ల నాన్న ఒకప్పుడు ఈయనతో కలిసి పనిచేసినవాడు కాబట్టి ఊహ తెలిసినప్పటినుంచీ ఆవిడకు ఈయన బాబాయ్. బాబాయ్ వస్తున్నాడంటే తన గదిలో క్యాలెండరు తిప్పేసేది. లేకపోతే దాని వయసు చెప్పేదాకా కదలడు.

"మూడో నంబరు రేవు" కథను డైరెక్టరు మొదటిసారి వినిపించింది ఆ గదిలోనే. అరవై అయిదేళ్ల కిందటి రేవు. అక్కడొక దర్జీ. ఓడల మీంచి దొంగసరుకు దించేవాళ్ల కోటు లోపల ఎవరికీ కనపడని జేబులు కుట్టిపెడతాడు. ఏ కోటులో ఎన్ని జేబులో, ఏ జేబులో ఏం పడుతుందో కుట్టినవాడికి తెలియదూ? అలా ఒక్కొక్కడి గుట్టూ వచ్చి వాడి సూదిమొన మీద వాలుతుంది. పదేళ్లు తిరిగేసరికి రేవు మొత్తం వాడి పిడికిట్లో ఉంటుంది. కత్తి పట్టడు, తుపాకీ తాకడు. ఎవడైనా ఎదురుతిరిగితే వాడి భుజం మీద చెయ్యేసి కోటు నిమిరి, "ఇక్కడ కుట్టు విడింది, రా, వేస్తాను" అంటాడు. మర్నాడు ఆ మనిషి రేవులో కనపడడు.

వింటుంటే ఎడిటరమ్మకు ఒళ్లు జలదరించింది. ఇరవై ఏళ్లుగా ఆవిడ చేతికి వచ్చినవన్నీ బతుకుతాయో చస్తాయో తెలియని సినిమాలు. ఇది బతికే కథ. బాబాయ్ మాత్రం కాసేపు గడ్డం గోక్కుని, "సూది ఏ నంబరు?" అని అడిగాడు. డైరెక్టరు లేచి ఆయన్ని కావిలించుకుని, నా సినిమాకు మీలాంటివాళ్లే కావాలన్నాడు. సినిమావాళ్ల కావలింతలకు ఆయుష్షు తక్కువ. ఇది నెల కూడా నిలవలేదు.

సామాన్లు సమకూర్చడం మొదలైంది. కోట్లకు ప్లాస్టిక్ బొత్తాలు తెస్తే, అప్పుడెక్కడివి అని తిప్పిపంపాడు. ఎక్కడి సందులోంచో కొమ్ముతో బొత్తాలు చెక్కే ముసలాయన్ని పట్టుకొచ్చాడు. ఆయన రోజుకు తొమ్మిది చెక్కుతాడు, పది గంటలు దగ్గుతాడు. దుకాణం బోర్డు మీద కంప్యూటరు అక్షరాలు కనపడగానే దించేయించి, వేళ్లు వణికే బోర్డు పెయింటరును నిచ్చెన ఎక్కించాడు. ఆయన ఎక్కేలోగా ఇద్దరు పట్టుకోవాలి, ఎక్కాక ముగ్గురు పట్టుకోవాలి. తలుపు బందుల్లో స్క్రూ తలల మీద ప్లస్ గుర్తు కనపడితే రాత్రికి నిద్రపోలేదు. ఒంటిగీత స్క్రూలు చేసిచ్చే తాళాల మేస్త్రి దొరికేదాకా ఆ తలుపు దగ్గరికి కెమెరాను రానివ్వలేదు. పేము అల్లే మొగుడూపెళ్లాలు వచ్చారు. టైపుమిషన్లు బాగుచేసే ఆయన వచ్చాడు. నలభై ఏళ్లు కుట్టి, చూపు మందగించి మానేసిన నిజం దర్జీ ఒకాయన వచ్చాడు. అందరూ కలిసి పదకొండు మంది. ప్రతివాడి పేరూ పని మొదలుపెట్టకముందే టైటిల్సు జాబితాలోకి ఎక్కించేవాడు.

ప్రొడక్షన్ మేనేజరుకు తల తిరిగిపోయింది. "బొత్తం తెర మీద గోరంత కనపడదండీ. ఎవడు చూస్తాడు?" అని మొత్తుకున్నాడు.

"చూసినవాడు అప్పుడెక్కడిది అంటే ఏం చెప్తావు?"

"మీరు తప్ప ఇంకెవరూ అనరండీ ఆ మాట."

"అదే నా బాధ కూడా."

షూటింగులో గొడవ హీరోతో మొదలైంది. దర్జీ వేషం వెయ్యడానికి వచ్చిన హీరో చొక్కా విప్పి నిలబడ్డాడు. పొట్ట మీద ఆరు పలకలు, భుజాల మీద రెండు కొండలు. బాబాయ్ అతని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చూపుడువేలితో ఒక కండను నొక్కి, "ఇవి అప్పుడెక్కడివి?" అన్నాడు. దర్జీకి మెడ వంగి ఉండాలని, కళ్ల కింద గుంటలుండాలని, ఇంత ఛాతీ ఉన్నవాడు మిషను ముందు కూర్చుంటే సూది కనపడదని వివరించాడు కూడా. ఆ రోజునుంచి హీరో కుట్టుమిషను ముందు కూర్చోనన్నాడు. సూది పట్టుకుంటే అభిమానులు ఏమనుకుంటారన్నాడు. కుట్టేటప్పుడు చేతులు ఆ ముసలి దర్జీవి తీసుకున్నారు, ముఖం హీరోది తీసుకున్నారు. రెండూ ఒక మనిషివని నమ్మించే పని ఎడిటరమ్మ నెత్తిన పడింది.

ఇక డైరెక్టరు. మనిషి చెడ్డవాడు కాదు, భయస్థుడు. కథ మీద నమ్మకం సడలినప్పుడల్లా సెట్టు మీద మిషనుతో పొగ కొట్టించేవాడు. మొదటి వారం పొగ కాలిమడమల దాకా ఉండేది. మూడో వారానికి నడుం దాకా వచ్చింది. రెండో నెలలో హీరో పొగలోంచి వచ్చి పొగలోకి పోయేవాడు. కొమ్ము బొత్తాలు, పేము కుర్చీలు, చేత్తో రాసిన బోర్డు, ఒంటిగీత స్క్రూలు, అన్నీ పొగలో కలిశాయి. బాబాయ్ ఉండబట్టలేక వెళ్లి అడిగాడు, ఇంత పొగెందుకు బాబూ అని.

"పొగ అప్పుడూ ఉందిగా గురువుగారూ" అన్నాడు డైరెక్టరు.

నలభై ఏళ్లలో ఆయన నోరు మూయించగలిగింది ఆ ఒక్క మాటే. వెళ్లి ఓ మూల పెట్టె మీద కూర్చున్నాడు. మూడు రోజుల తర్వాత జవాబు తట్టింది. ఉంది గానీ, ఏదైనా తగలబడినప్పుడు ఉండేది. పరుగున వచ్చేసరికి సెట్టు పీకేశారు. తగలబడింది ఏమిటో అప్పటికి అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనలేదు.

కోసి అతికే రోజులొచ్చాయి. ఎడిటరమ్మ లెక్కపెట్టింది. హీరో నెమ్మదిగా నడిచి రావడం సినిమాలో ఇరవై మూడుసార్లు ఉంది. ఎక్కణ్నించి వస్తున్నాడో, ఎందుకు వస్తున్నాడో ఒక్కసారీ లేదు. వీటన్నిటి మధ్యా పద్నాలుగు నిమిషాల కుట్టు సీను ఒకటుంది. ఆ రోజు పొగ మిషను చెడిపోయింది కాబట్టి అందులో అన్నీ కనపడతాయి. ముసలి దర్జీ చేతులు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తాయి. దారం పళ్లతో తెంపుతాడు. కోటు లోపల ఒక జేబు, ఆ జేబు లోపల ఇంకో జేబు, అంత మెత్తగా, అంత భయంకరంగా తయారవుతుంటాయి. ఎడిటరమ్మ దాన్ని మళ్లీ మళ్లీ వేసి చూసింది. తీయాల్సిన సినిమా అంతా ఆ పద్నాలుగు నిమిషాల్లోనే ఉంది. మిగిలింది దాని చుట్టూ పట్టిన మసి.

డైరెక్టరు తీసెయ్యమన్నది సరిగ్గా దాన్నే.

"ఊపు పోతోంది మేడమ్."

"ఇది తీసేస్తే వాడు గూండా ఎలా అయ్యాడో ఎవరికీ తెలీదు."

"ఎలా అయితేనేం మేడమ్, అయ్యాడుగా."

ఆవిడ ఇంకా నాలుగు రోజులు పోట్లాడింది. నిర్మాత హీరోవైపు, డైరెక్టరు నిర్మాతవైపు. కుట్టు సీను ఎవరివైపూ లేదు.

ఆ నాలుగు రోజులూ బాబాయ్ పొద్దున్నే వచ్చి గదిలో వెనక స్టూలు మీద కూర్చునేవాడు. తెర మీద ఏం నడుస్తోందో పట్టదు, ఇరవై మూడు నడకలూ పట్టవు. గంటకోసారి, "కుట్టు సీనుందా అమ్మాయ్?" అని మాత్రం అడుగుతాడు. ఉందంటే టీ తాగుతాడు. చివరికి ఆవిడకు విసుగొచ్చింది. "సినిమా మొత్తం కాటికి పోతుంటే నీకు నీ బొత్తాల గొడవేనా బాబాయ్?" అనేసింది. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆవిడ తర్వాత ఎంత నొచ్చుకుందంటే క్యాలెండరు కూడా ఆయనవైపు తిప్పిపెట్టింది.

అయిదో రోజు మేనేజరు టైటిల్సు జాబితా పంపాడు. సీను పోతే ఆ సీనుకు పనిచేసినవాళ్ల పేర్లూ పోతాయి, అది వాళ్ల ఆఫీసు పద్ధతి. పదకొండు పేర్ల మీద ఎర్ర పెన్సిలుతో అడ్డగీత. కొట్టేసినవి సరిగ్గా కొట్టేశారో లేదో చూద్దామని ఆవిడ వరసగా చదువుతోంది. బొత్తాలు, బోర్డులు, తాళాలు, పేము. పదకొండో పేరు దగ్గర ఆగిపోయింది. పక్కన "టేప్‌రికార్డర్ మెకానిక్" అని ఉంది. కథ అరవై అయిదేళ్ల కిందటిది. ఆ రేవులో ఓడ కూతలు, తిట్లు తప్ప ఇంకేమీ వినపడవు. ఆవిడ మళ్లీ చదివింది. స్టూలు వైపు తిరిగి కాగితం ఆయన ముందు పెట్టింది.

"బాబాయ్. టేప్‌రికార్డరు అప్పుడెక్కడిది?"

ఆ ప్రశ్న ఆయన ఎన్ని వేలమందిని అడిగాడో గానీ, ఆయన్ని అడిగినవాళ్లు లేరు. కాగితం చూశాడు, ఫ్యాను చూశాడు, తలుపు ఎంత దూరముందో చూశాడు.

"పొరపాటున పడుంటుంది అమ్మాయ్."

"చచ్చిపోయినాయన ఇంట్లో ఫొటో దింపించిన మనిషివి. నీకు పొరపాటా?"

"పొగ మిషను బాగుచేశాడులే."

"పొగ మిషను నువ్వు బాగుచేయిస్తావా?"

అబద్ధం చెప్పడంలో ఆయనకు అనుభవం లేదని అక్కడ తేలిపోయింది. ఇక దాచలేక మొత్తం కక్కాడు. సినిమా పనివాళ్ల సంఘంలో ఒక నియమం ఉంది. విడుదలైన సినిమా టైటిల్సులో పేరు పడితేనే సభ్యుడు. సభ్యుడైతేనే ఆసుపత్రి కార్డు. కార్డుంటే వైద్యానికి చెయ్యి చాపనక్కర్లేదు. ఈ పదకొండు మందికీ పని ఎప్పుడో పోయింది. రోగాలు మాత్రం నమ్మకంగా అంటిపెట్టుకుని ఉన్నాయి. కొమ్ము దుమ్ము పీల్చి బొత్తాలాయనకు ఊపిరితిత్తులు పోయాయి. పెయింటరుకు నరాలు, దర్జీకి కళ్లు. టేప్‌రికార్డర్లు బాగుచేసే ఆయనకు గుండెలో గొట్టం వెయ్యాలన్నారు. ఆయన కోసం కథ అంతా గాలించినా ఒక్క సందూ దొరకలేదట. దొరక్కపోతే, మనిషిని వదిలెయ్యలేక, కళ్లు మూసుకుని పేరు రాయించేశాడట.

"అందరి చేతుల్లోనూ పనుంది అమ్మాయ్. చేయించుకునేవాళ్లే లేరు. ఊరికే పెట్టుకోండి బాబూ అంటే ఎవరు పెట్టుకుంటారు? కాలం తప్పిందయ్యా అని భయపెడితే పెట్టుకుంటారు."

ఎడిటరమ్మకు పాత సినిమాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గ్రామఫోను ముళ్లు దొరికేదాకా ఆగిపోయిన పాట. చేత్తో అచ్చు కూర్చిన పెళ్లిపత్రిక లేదని వాయిదాపడ్డ పెళ్లి సీను.

"ఎన్నేళ్లుగా చేస్తున్నావు ఈ పని?"

"లెక్కపెట్టలేదు."

"మరి అప్పట్లో నిజంగా ప్లాస్టిక్ బొత్తాలు లేవా?"

ఆయన తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఉండేవి."

ఆవిడ ఎర్ర గీతల కాగితం మడిచి సొరుగులో పెట్టింది. తర్వాత ఆయన్ని ఇంటికి పంపేసి తలుపేసుకుంది. సాయంత్రానికి కుట్టు సీను సినిమాలోంచి పోయింది, డైరెక్టరు కోరినట్టే. పోయి సినిమా అయిపోయాక వచ్చే టైటిల్సు వెనక చేరింది. పద్నాలుగు నిమిషాలు మూడున్నరకు తగ్గాయి. చేతులు బొత్తం కుడుతుంటే పక్కన బొత్తాలాయన పేరు వస్తుంది. బోర్డు కనపడితే పెయింటరు పేరు. అన్నీ అయ్యాక, దారం తెగి కోటు మడత పడేచోట, పదకొండో పేరు. సీను ఉంది కనుక పేర్లూ ఉండాలని మేనేజరుకు వాళ్ల పద్ధతే వాళ్లకు అప్పజెప్పింది. డైరెక్టరు చూడను కూడా చూడలేదు. "టైటిల్స్ ఎవడు చూస్తాడు మేడమ్, మీ ఇష్టం" అన్నాడు.

ఆయనన్నది అక్షరాలా నిజం, వచ్చిన చిక్కూ అదే. ఇదివరకు కొందరు నిర్మాతలు సంఘానికి పేర్లున్న కాపీ చూపించి, హాళ్లకు పేర్లు లేనిది పంపారట. అప్పటినుంచి సంఘం సెక్రటరీ మొదటిరోజు స్వయంగా టిక్కెట్టు కొనుక్కుని వస్తాడు. హాల్లో, తెర మీద, తన కళ్లతో చదివిన పేరే రాసుకుంటాడు. హాళ్లవాళ్లేమో చివరి దెబ్బలాట కాగానే బొమ్మ ఆపి లైట్లు వేసేస్తారు.

మొదటిరోజు మధ్యాహ్నం ఆటకు ఎడిటరమ్మ వెళ్లింది. హీరో తొమ్మిదోసారి నడిచి వచ్చేటప్పటికి ముందు వరసలు ఖాళీ అయ్యాయి. పదిహేడో నడకకు జనం ఫోన్లు తీశారు. ఒకాయన లేచి వెళ్తూ పక్కనున్న భార్యతో, "దర్జీ గూండా అన్నారు, ఏదో ఉంటుందనుకున్నా. వీడు బొత్తం ఊడితే కుట్టుకునేట్టు కూడా లేడు" అన్నాడు. ఎడిటరమ్మ కూర్చునే ఆ మాట మింగింది. వెనక వరసలో పదకొండు మంది, చేతికర్రలతో, మందుల సంచులతో, మంచి బట్టలు కట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. వాళ్లకు రెండు వరసల ముందు సెక్రటరీ కునికిపాట్లు పడుతున్నాడు. బాబాయ్ ఎక్కడా లేడు.

దెబ్బలాట మొదలవగానే ఆవిడ లేచి, బొమ్మ వేసే గదికి మెట్లెక్కింది. ఆయన అక్కడే ఉన్నాడు. ఇంటర్వెల్ నుంచీ అక్కడే ఉన్నాడట. ఆపరేటరు పక్కన నిలబడి, లైట్ల స్విచ్చు మీదున్న అతని చేతిమీద తన చెయ్యి వేశాడు. బలవంతంగా కాదు, పరామర్శకు వచ్చినవాడిలా.

"ఊడ్చేవాళ్లు వచ్చేశారు పెద్దాయనా. లైట్లు వెయ్యాలి."

"ఒక్క మూడున్నర నిమిషాలు నాయనా."

తెర మీద పొగ పోయింది. చేతులు వచ్చాయి. సుద్దగీత, గుడ్డ, సూది. కింద బయటికి పోతున్న నలుగురైదుగురు ప్రేక్షకులూ తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగారు. చీపురు పట్టుకున్నావిడ ఒక కుర్చీ చేతి మీద కూర్చుంది. సెక్రటరీ మేలుకుని కలం తీశాడు. ఆపరేటరు ఆవులింత ఆపి కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఇదేదో బాగుందే. ఇది సినిమాలో ఎక్కడొచ్చింది?"

ఎడిటరమ్మ గోడ చూసింది. పేర్లు ఒకటొకటే వస్తున్నాయి. పది అయ్యాయి. ఆపరేటరు చెయ్యి స్విచ్చు మీద కదిలింది.

"ఇంకొక్కటుంది" అన్నాడు బాబాయ్.

పదకొండోది వచ్చింది. ఆపరేటరు పైకే చదివాడు, పేరూ, పక్కన ఉద్యోగమూ. మొహం చిట్లించాడు. వెనక వరస వాళ్లను తీసేస్తే ఆట మొత్తం చూసినవాడు ఊళ్లో బహుశా అతనొక్కడే.

"సినిమాలో టేప్‌రికార్డరే లేదుగా పెద్దాయనా?"

"ఈ సినిమాలో ఉన్నదేమిటి గనక నాయనా, అదొక్కటీ లేదంటున్నావు?"

ఆపరేటరు ఓ క్షణం ఆలోచించి, స్విచ్చు వదిలేసి, కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు కింద సెక్రటరీ ఉలిక్కిపడి ఓసారి వెనక్కి చూసి, మళ్లీ తలవంచి పదకొండో పేరు రాసుకున్నాడు. ఆ సినిమా వల్ల ఆ హాల్లో ఒక మనిషి సంతోషించడం అదే మొదలు. అదే చివర కూడా, సోమవారానికి దాన్ని ఎత్తేశారు.